గుంటూరు ఇంట్లోనూ, బెజవాడ ఆఫీసులోనూ యూజ్‌నెట్ (ఇంటర్నెట్‌లోని పాతతరం చర్చావేదికలు) గ్రూపులు చదివి పోస్ట్ చేయడం ఎలా?

లాగిన్‌తో పనిచేసే న్యూస్ సర్వర్ (ఆ గ్రూపుల పోస్టులు అందించే కంప్యూటర్) ఒకటి తీసుకోండి, ఏ ఊరి నెట్ అయినా ఫర్వాలేదు. గూగుల్ గ్రూప్స్‌ను నమ్ముకోకండి. 2024 ఫిబ్రవరి 22 నుంచి అందులో యూజ్‌నెట్ పాత పోస్టులు చూడటమే, కొత్తవి పెట్టలేం. ఎటర్నల్ సెప్టెంబర్ అనే న్యూస్ సర్వర్‌లో రిజిస్ట్రేషన్ ఉచితం, కాకపోతే టెక్స్ట్ గ్రూపులే ఉంటాయి. థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రామ్‌లో న్యూస్‌గ్రూప్ అకౌంట్ తెరిచి ఆ సర్వర్ పేరు, పోర్ట్ 563, ఎస్‌ఎస్‌ఎల్ (ఎన్‌క్రిప్ట్ చేసిన కనెక్షన్) ఇస్తే చాలు.

అసలు తలనొప్పి వేరే ఉంది. మీరు ఏది చదివారో సర్వర్ గుర్తుపెట్టుకోదు, మీ కంప్యూటర్‌లోని ప్రోగ్రామే ఒక ఫైల్లో రాసుకుంటుంది. అందుకే రాత్రి ఇంట్లో చదివేసినవన్నీ పొద్దున ఆఫీసులో మళ్లీ కొత్తవిగా కనిపిస్తాయి. రోజూ రైల్లో తిరిగేవాళ్లయితే ల్యాప్‌టాప్ ఒక్కటే వాడండి. లేదా ఇంటి లినక్స్ మెషీన్‌లో టిన్ అనే, అక్షరాలతోనే నడిచే న్యూస్ ప్రోగ్రామ్ పెట్టుకుని, ఎక్కణ్ణుంచైనా ఎస్‌ఎస్‌హెచ్‌తో (దూరం నుంచి మరో కంప్యూటర్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) అందులోకి వెళ్లండి. చూడ్డానికి పాతకాలంగా ఉంటుంది గానీ, నాకైతే ఇదే హాయి.