ఫ్లాండర్స్ యుద్ధ స్మారకాలు బస్సులో చూసేవి కావు

ప్రశ్న: బెల్జియంలో మొదటి ప్రపంచ యుద్ధ స్మారకాలు చూడాలనుకుంటున్నాం. బ్రస్సెల్స్ నుంచి ఒక రోజు బస్సు యాత్ర సరిపోతుందా, ఫ్లాండర్స్ ప్రాంతంలోని ఈపర్‌లో సైకిళ్ళు అద్దెకు తీసుకుని తిరగడం మంచిదా?

సైకిలే. ఇందులో ఆలోచించవలసింది ఏమీ లేదు. బెల్జియంలోని గెంట్‌లో పదకొండేళ్ళుగా ఉంటున్నాను. ఈపర్ చుట్టూ ఉన్న పల్లెదారుల్లో బస్సులో ఒకసారి, సైకిల్ మీద ఇరవైసార్లకు పైగా తిరిగాను. బస్సులో వెళ్ళిన రోజు గురించి నాకు గుర్తున్నవి వాహనాలు నిలిపే స్థలాలు, గైడు చేతి గడియారం, అంతే.

అక్కడ జరిగింది అర్థం కావాలంటే ముందు నేల ఎత్తుపల్లాలు తెలియాలి. ఈపర్ పల్లంలో ఉంది. దానికి తూర్పు నుంచి దక్షిణం దాకా విల్లు వంచినట్టు ఒక మెరక సాగుతుంది. కొండ అనుకోకండి. పాసెన్‌డాల దగ్గర అది సముద్ర మట్టానికి యాభై అరవై మీటర్లకు మించదు. కారులో పోతే అక్కడ ఎక్కుడు ఉందన్న సంగతే తెలియదు. సైకిల్ మీద అయితే జొన్నెబేక దాటగానే పెడల్ బరువెక్కుతుంది, ఒక గేరు తగ్గించుకోవాలి. ఆ ఒక్క గేరు ఎత్తు కోసం 1917 జూలై 31 నుంచి నవంబరు 10 దాకా బురదలో బ్రిటిష్, జర్మన్ సైనికులు లక్షల మంది కొట్టుకున్నారు. పైనున్నవాడికి కిందివాడి ప్రతి కదలికా కనిపిస్తుంది మరి. మూడు నెలలకు పైగా పోరాడి బ్రిటిష్ వాళ్ళు ముందుకు జరిగింది ఎనిమిది కిలోమీటర్లు. సైకిల్ మీద అది అరగంట దారి. ఆ వాలులోనే టైన్ కాట్ శ్మశానం ఉంది. దాదాపు పన్నెండు వేల సమాధుల్లో ఎనిమిది వేలకు పైగా పేరు తెలియనివారివి. వెనుక గోడ మీద శరీరం దొరకనివారి పేర్లు మరో 35 వేల దాకా ఉంటాయి. అక్కడ నిలబడి వచ్చిన దారివైపు తిరిగితే, ఆకాశం తేటగా ఉన్న రోజున ఈపర్ గోపురాలు కనిపిస్తాయి. ఎక్కివచ్చిన కాళ్ళకు ఆ దూరం తెలుసు.

ఇక నేను అసలు చెప్పాలనుకున్నది. ఎవరు అడిగినా టైన్ కాట్, ఈపర్ ఊళ్ళోని స్మారక ద్వారం మెనిన్ గేట్ అని చెప్పి ఊరుకుంటారు. మనవాళ్ళు తప్పకుండా వెళ్ళవలసింది ఈపర్‌కు దక్షిణంగా సుమారు ముప్పై అయిదు కిలోమీటర్ల దూరంలో, సరిహద్దు దాటి ఫ్రాన్స్‌లో ఉన్న నవ్ షాపెల్‌కు. భారతీయ సైనికుల స్మారకం అక్కడ ఉంది.

2019 సెప్టెంబరులో మా మామయ్యగారిని తీసుకుని అక్కడికి వెళ్ళాను. మా ఆవిడ నాన్నగారు, తాడేపల్లిగూడెం దగ్గర పల్లెటూరు. తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ముప్పై ఏళ్ళు కాలువ గట్టు మీద సైకిల్ తొక్కి బడికి వెళ్ళివచ్చిన మనిషి. ఆయనకు అప్పుడు అరవై మూడేళ్ళు. మోటారు సైకిల్ కాకపోయినా కనీసం బ్యాటరీ సైకిల్ తీసుకోమన్నాను. “నేను తొక్కుతాను అల్లుడుగారూ, మీరు ముందు నడవండి” అన్నారు. ఈపర్‌లో మాకు సైకిళ్ళు ఇచ్చినవాడు ఆయన సైకిల్‌కు అరిగిపోయిన బ్రేకు రబ్బర్లు ఉంచి పంపాడు. ఈపర్‌కు దక్షిణంగా ఉన్న మెసీన్ మెరక దిగుడులో ఆ సంగతి తెలిసింది. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, డబ్బు కట్టే ముందు రెండు బ్రేకులూ నొక్కి చూసుకోండి. వానలో తడిసిన రాళ్ళబాట మీద బ్రేకు పట్టకపోతే ఎముకలు మిగలవు. అద్దెకిచ్చేవాళ్ళు ఈ మాత్రం చూసుకోకపోవడం నాకు క్షమించరానిదిగా కనిపిస్తుంది.

మెసీన్ ముందు ఒక పొలం దగ్గర మామయ్యగారు ఆగారు. కరెంటు స్తంభం మొదట్లో మోచేతి పొడవున తుప్పు పట్టిన ఇనుప ముక్క ఒకటి ఉంది. పాత బోరు పైపు అనుకుని వంగబోయారు. “ముట్టుకోకండి మామయ్యగారూ!” అని అరిచాను. అది ఫిరంగి గుండు. ఆ నేలలో ఇప్పటికీ నాగలికి అవి తగులుతూనే ఉంటాయి. రైతులు తీసి రోడ్డు పక్కన పెడితే సైన్యం వాళ్ళు వచ్చి తీసుకుపోతారు. మెసీన్ మెరక కింద 1917 జూన్ 7 తెల్లవారుజామున పంతొమ్మిది చోట్ల భూమిలో పాతిన మందుపాతరలను బ్రిటిష్ సైన్యం వాళ్ళు పేల్చారు. అప్పుడు పేలని వాటిలో ఒకటి 1955లో పిడుగు పడి పేలింది. అప్పటి గోతులు ఇప్పుడు చెరువులు, చుట్టూ చెట్లు. మామయ్యగారు ఒక చెరువు గట్టున కూర్చుని వెంట తెచ్చుకున్న పులిహోర తిన్నారు గానీ పెద్దగా మాట్లాడలేదు.

లీస్ నది దాటి, ఆర్మాంతియేర్ మీదుగా లావాంతి వైపు తిరిగాక నేల పళ్ళెంలా చదునుగా ఉంటుంది. బంగాళాదుంప చేలు, మొక్కజొన్న చేలు, వాటి మధ్య బోదెలు. “మన గోదావరి డెల్టా లాగే ఉంది, కొబ్బరిచెట్లు లేవంతే” అన్నారాయన. నీళ్ళు పైపైనే ఉంటాయి కాబట్టి లోతుగా కందకం తవ్వితే ఊరిపోతుందని ఆయన నాకంటే ముందే గ్రహించారు. 1914 శరదృతువులో మార్సెయ్ రేవులో దిగిన లాహోర్, మీరట్ డివిజన్ల సైనికులు ఆ నేలలోకే వచ్చారు, అదీ వేసవి నూలు బట్టలతో.

స్మారకం పెద్ద రోడ్డు కూడలిలో ఉంది. లారీలు గాలి విసురుతూ పోతుంటాయి. గుండ్రని ప్రాకారం, నడుమ పదిహేను మీటర్ల స్తంభం, దానికి తామరపువ్వు శిఖరం, అటూ ఇటూ రాతి పులులు. హెర్బర్ట్ బేకర్ రూపకల్పన, 1927లో ప్రారంభం. గోడ మీద 4,700కు పైగా పేర్లు. 1915 మార్చి 10 ఉదయం ముప్పై అయిదు నిమిషాల ఫిరంగుల తరువాత ఇక్కడే మనవాళ్ళను దాడికి పంపారు. దాడి చేసిన బలంలో దాదాపు సగం మనవాళ్ళే. నాలుగు రోజుల్లో నాలుగు వేల మందికి పైగా చనిపోయారు, గాయపడ్డారు, లేదా జాడ తెలియకుండా పోయారు.

మామయ్యగారు గేటు దగ్గర చెప్పులు విడిచారు. వాన పడి రాళ్ళు చల్లగా ఉన్నాయి. జలుబు చేస్తుందన్నా వినలేదు. గర్వాల్ రైఫిల్స్ పేర్ల దగ్గర నిలబడి పైకి చదవడం మొదలుపెట్టారు. ముందు నెమ్మదిగా, తరువాత బళ్ళో హాజరు పిలిచే గొంతుతో. నేగీ, రావత్, బిష్త్. ప్రతి పేరు తరువాత కాస్త ఆగడం ఆయనకు అలవాటై ఉంది. ఆ రోజు పోరులో ప్రాణం ఇచ్చి బ్రిటిష్ సైన్యంలో అత్యున్నత శౌర్యపతకం విక్టోరియా క్రాస్ పొందిన గబర్ సింగ్ నేగీ పేరు చూపించాను. ఆ పేరును కూడా మిగతావాటిలాగే చదివి, ఆగి, కింది పేరుకు వెళ్ళారు. మ్యూల్ కోర్ డ్రైవర్ల పేర్ల దగ్గర మాత్రం ఎక్కువసేపు ఉన్నారు. “అల్లుడుగారూ, కంచరగాడిదలు తోలినవాడి పేరు కూడా రాయి మీద చెక్కారు. ఆ పని మంచిది. కానీ ఊరి పేరు లేదు. ఊరు లేకుండా ఎవరని వెతుక్కుంటారు వాళ్ళ పిల్లలు?” అన్నారు. స్తంభం మీద ఇంగ్లీషు, అరబ్బీ, హిందీ, గురుముఖి లిపులు ఉన్నాయి, తెలుగు లేదు. దాన్ని ఆయన తప్పుపట్టలేదు. మన దక్షిణాదివాళ్ళ ఇంజనీరింగ్ దళమైన మద్రాస్ సాపర్లు మెసొపొటేమియాలో (నేటి ఇరాక్) పనిచేశారని ఆయనకు తెలుసు. ఆయన ఊరికి దగ్గర్లోనే మిలిటరీ మాధవరం ఉంది. రెండు ప్రపంచ యుద్ధాలకూ మనుషులను పంపిన ఊరు.

గంటన్నర ఉన్నాం. ఆ గంటన్నరలో ఒక్క మనిషి రాలేదు. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. 2023లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన స్మారకాల్లో ఇదీ ఒకటి. పారిస్‌కు ఏటా ఎన్ని తెలుగు కుటుంబాలు వస్తాయో లెక్కలేదు. పది రోజుల్లో ఆరు దేశాలు, ప్రతి ఊళ్ళో ఒక టవరు, దాని ముందు ఒక ఫోటో. ఈ కూడలి పారిస్ నుంచి ఒక రోజులో వెళ్ళి రాగలిగిన దూరమే. మన పాఠ్యపుస్తకాల్లో మొదటి ప్రపంచ యుద్ధం అంటే సారాయెవో హత్య, వెర్సాయ్ ఒప్పందం. పది లక్షలకు పైగా మనవాళ్ళు సముద్రం దాటారన్నది ఒక వాక్యం. పిల్లలకు తెలియకపోవడం పిల్లల తప్పు కాదు.

సైకిలిస్టుల మీదా నాకు కోపం ఉంది. కెమ్మెల్‌బెర్గ్ ఈపర్ దగ్గరి కొండ, ఎత్తు 156 మీటర్లు, రాళ్ళబాట, పందేలకు పేరు. దాన్ని ఎన్ని నిమిషాల్లో ఎక్కామని గడియారం చూసుకుంటూ ఎక్కేవాళ్ళు, పక్కనే అయిదు వేలకు పైగా ఫ్రెంచి సైనికుల అస్థికలున్న చోటును చూడకుండా పోతారు. ఈ క్రీడకు ఆ యుద్ధంతో ఉన్న బంధం అంత చిన్నది కాదు. 1909 టూర్ డి ఫ్రాన్స్ విజేత ఫ్రాంస్వా ఫాబేర్ 1915 మే 9న ఉత్తర ఫ్రాన్స్‌లోని ఆర్త్వాలో పోరాడుతూ చనిపోయాడు. 1919 వసంతంలో, కందకాలు ఇంకా పూడకముందే, ఈ యుద్ధభూముల మీదుగా ఒక సైకిల్ పందెం పెట్టారు. బ్రస్సెల్స్ నుంచి ఆమియాన్ దాకా సాగిన ఒక్క రోజు దశకు విజేత షార్ల్ డెరయ్టర్‌కే పద్దెనిమిది గంటలకు పైగా పట్టింది. పారిస్–రూబే పందేన్ని ‘ఉత్తరాది నరకం’ అనడం కూడా ఆ ఏడాదే మొదలైంది. ముందు ఆ పేరు రాళ్ళబాటలకు పెట్టింది కాదు, కాలిపోయిన ఊళ్ళకు పెట్టింది.

మీ ప్రశ్నకు వస్తే, రెండు రోజులు పెట్టుకోండి. మొదటి రోజు టైన్ కాట్, జర్మన్ సైనికుల శ్మశానం ఉన్న లాంగెమార్క్ కలిపి సుమారు ముప్పై అయిదు కిలోమీటర్లు. దారి పొడవునా అంకెలు వేసిన కూడలి పలకలు ఉంటాయి, అంకెలు రాసుకుంటే పటం అక్కర్లేదు. సాయంత్రం ఎనిమిదికి మెనిన్ గేట్ కింద ఉండండి, రోజూ ఆ వేళకు అక్కడ బూర ఊది చనిపోయినవారికి నివాళి అర్పిస్తారు. అక్కడి 54 వేలకు పైగా పేర్లలో భారతీయులవి నాలుగు వందలకు పైగా ఉన్నాయి. రెండో రోజంతా నవ్ షాపెల్‌కు. సన్నటి టైర్లు వద్దు, 32 మిల్లీమీటర్లవి అడగండి. తిరుగు ప్రయాణంలో ఎదురుగాలి ఉన్నా లేకపోయినా ఒక గంట ఎక్కువ ఉంచుకోండి. చాలా శ్మశానాల దగ్గర నీళ్ళూ మరుగుదొడ్డీ దొరకవు.

ఇంకొకటి. స్మారకం గోడలో చిన్న ఇనుప తలుపు వెనక సందర్శకుల పుస్తకం ఉంటుంది. మేము వెళ్ళిన రోజు పెన్ను లేదు. మామయ్యగారి జేబులో ఎప్పుడూ ఉండే నీలం పెన్నుతో ఆయన తెలుగులో రాశారు: పేరు, కింద ఊరు, మండలం, జిల్లా. మీరు పెన్ను పట్టుకెళ్ళండి.