నీళ్లు కనపడాలంటే అలే గీయాలా?

ప్రశ్న: మాది నెల్లూరు పక్కన పల్లె. మా నాన్న కాలువ మీద లస్కరుగా చేశారు, రాత్రీ పగలూ తూము షట్టర్ల దగ్గరే ఉండేవారు. ఆయన పోయి రెండేళ్లయింది. ఇప్పుడు మా అమ్మాయి పెళ్లి. అమ్మ ఇచ్చిన ఐదు సవర్ల గొలుసు కరిగించి, నాన్న గుర్తుగా నీళ్లు తలపుకొచ్చే హారం చేయిద్దామంటే షాపులో అలల లాకెట్టు, చేప లాకెట్టు చూపిస్తున్నారు, ఆక్వామరీన్ అనే లేతనీలం రాయి పెట్టమంటున్నారు. మా ఆడపడుచేమో నగ మీద నీళ్లేంటి, డబ్బు నీళ్లలా పోతుంది అంటోంది. ఒకటే టెన్షన్‌గా ఉంది.
— ఒక పాఠకురాలు, నెల్లూరు జిల్లా

జవాబు: ముందు మీ ఆడపడుచు మాట తీసుకుందామమ్మా. మన పెళ్లికూతుళ్లకి పెట్టే మకరకంఠిలో మకరం ఎవరు? గంగమ్మ వాహనం. మొహరం రోజుల్లో బారాషహీద్ దర్గా దగ్గర ఇంతమంది రొట్టెలు మార్చుకునేది స్వర్ణాల చెరువు నీళ్లలో దిగే కదా, ఉద్యోగమైనా పెళ్లయినా సంతానమైనా అక్కడే కోరుకుంటారు. నీళ్లు మనకి అపశకునం ఎప్పుడూ కాదు, ఆవిడకి ఇదే నెమ్మదిగా చెప్పండి.

ఇక హారం. అల లాకెట్టు వద్దు. మీ నాన్నగారిది సముద్రం కాదు, కాలువ. సోమశిల నుంచి పెన్నలో వచ్చిన నీళ్లు నెల్లూరు ఆనకట్ట దగ్గర కాలువల్లోకి మళ్లి, అక్కడి నుంచి పిల్లకాలువలై, చివరికి ఒక్కో మడిలోకి చేరతాయి. హారాన్నీ అలాగే నడిపించమనండి. మెడ వెనక ఒకటే తీగ, కాస్త లావుగా. భుజాల దగ్గర రెండుగా చీలాలి, రొమ్ము మీదికి వచ్చేసరికి ఐదు సన్న తీగలు, ఒక్కోటి ఒక్కో పొడవు, ఒక్కోదాని కొసన ఒక చిన్న ముత్యం. తీగ చీలే చోట తూము తలుపులాంటి బుల్లి పలక ఒకటి పెట్టించండి, అది మీ నాన్నగారి చోటు, ఇంట్లోవాళ్లకి తెలిస్తే చాలు. 2024లో ప్యారిస్ నగల కంపెనీ బుషెరాన్ ఐస్‌లాండ్ నీళ్లని చూసి ఒక కలెక్షనే చేసింది, అందులో జలపాతం హారం దాదాపు ఒకటిన్నర మీటర్ల పొడవున సన్న ధారలా కిందికి జారుతుంది. అందులోనూ నీళ్లు తెలిసేది ఆ జారుడులోనే.

నలభై గ్రాముల్లో ఇది అవుతుంది, కానీ పని తెలిసిన ఆచారి కావాలి. కమ్మచ్చులో, అంటే తీగ సాగదీసే చిల్లుల పలకలో, లాగేకొద్దీ బంగారు తీగ గట్టిపడుతుంది, మధ్యమధ్యలో కాల్చి మెత్తబరచకపోతే తెగుతుంది. ముత్యాలు అతుకులన్నీ అయ్యాకే ఎక్కించాలి, సెగ తగిలితే పాడైపోతాయి. పాత గొలుసు మీ ఎదుటే తూచి, మీ ఎదుటే కరిగించమనండి, తరుగు ఎంతో ముందే రాయించుకోండి.

రాయి సంగతి. ఆక్వామరీన్ అంటే లాటిన్‌లో సముద్రపు నీళ్లనే అర్థం, పచ్చ జాతి రాయే, గట్టిదే, రోజూ పెట్టుకోవచ్చు. కాకపోతే లేతరంగు కాబట్టి వెనక బంగారు రేకు మూసేస్తే ఆకుపచ్చగా కనపడుతుంది, వెనక తెరిచే పొదగాలి. దాని పేరుతో బ్లూ టోపాజ్ అంటగట్టేవాళ్లున్నారు, ల్యాబ్ సర్టిఫికెట్ లేకుండా కొనకండి. నన్నడిగితే మీకు ముత్యమే. స్వాతికార్తెలో పడ్డ చినుకు చిప్పలో చేరి ముత్యమవుతుందని పెద్దవాళ్లు అనేవారు. నిజానికి చిప్పలోని జీవి తన ఒంట్లో గుచ్చుకున్నదాని చుట్టూ పొరమీద పొర కప్పుకుంటూ పోతే అయ్యేది ముత్యం. ఏ కథ తీసుకున్నా అది నీళ్ల బిడ్డే.

ప్రశ్న: మా అత్తగారి ముత్యాల దండ నిగారింపు తగ్గింది. చింతపండుతో తోమొచ్చా?
— ఒంగోలు

జవాబు: వద్దే వద్దు. ముత్యం పైపొరలో ఉండేది సున్నపు పదార్థమే, పులుపు తగిలితే కరిగిపోతుంది. తడిపి గట్టిగా పిండిన మెత్తటి గుడ్డతో తుడిచి, నీడలో ఆరబెట్టండి. సెంటు, పౌడరు అన్నీ అయ్యాక ఆఖరున వేసుకోండి, విప్పగానే చెమట తుడవండి. దారం వదులైతే పట్టుదారంతో మళ్లీ గుచ్చించండి, ముత్యానికీ ముత్యానికీ మధ్య ముడి వేయమని చెప్పండి, తెగినా అన్నీ రాలిపోకుండా ఉంటాయి.