బ్లైత్‌బర్గ్ చర్చి వ్యాసం గురించి

చిరంజీవికి ఆశీస్సులు.

ఇంగ్లండ్‌లోని సఫోక్ ప్రాంతపు బ్లైత్‌బర్గ్ హోలీ ట్రినిటీ చర్చి మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. భాష నిండుగా ఉంది. కానీ కథల వెనుక కట్టడం కనబడకుండా పోయింది. నల్లకుక్క రూపంలో వచ్చిన సైతాను ఉత్తరపు తలుపు మీద గోళ్ల గుర్తులు వదిలి వెళ్లిందంటూ మొదలుపెట్టి, ఆ తలుపున్న గోడను దేనితో కట్టారో చెప్పకుండానే ముగించావు.

ముందు గోడ చూడు. ఆ ప్రాంతంలో కట్టడానికి పనికొచ్చే మంచి రాయి దొరకదు, దొరికేది చెకుముకిరాయి. అందుకని అక్కడి పనివారు ఆ రాళ్లను పగలగొట్టి, నల్లగా మెరిసే లోపలి ముఖాన్ని బయటికి పెట్టి, వేరేచోటి నుంచి తెచ్చిన లేతరంగు రాతి చెక్కడాల మధ్య వాటిని పొదిగి, గోడలకు నగిషీ తెచ్చారు. లేమిలోంచి పుట్టిన ఈ పనితనానికి నీ వ్యాసంలో ఒక్క వాక్యమైనా దక్కలేదు. గోపురం 14వ శతాబ్దానిది. మిగతా చర్చిని 15వ శతాబ్దంలో, నిలువు గీతలు, విశాలమైన కిటికీలు ప్రధానమైన పర్పెండిక్యులర్ శైలిలో తిరిగి కట్టారు. ఇంత చిన్న ఊరికి అంత పెద్ద చర్చి ఎందుకని పాఠకుడు అడుగుతాడు. బ్లైత్ నది మీద సాగిన రేవు వ్యాపారాన్ని, ఆ తర్వాత నది పూడిపోవడాన్ని అక్కడ చెప్పు.

ఇక తలుపు సంగతి. 1577 ఆగస్టు 4న ఆరాధన జరుగుతుండగా పెనుగాలివాన వచ్చి, గోపుర శిఖరం కప్పును చీల్చుకుని లోపల పడింది. ఒక మనిషి, ఒక బాలుడు మరణించారు. కుక్క కథను తీసేయమనడం లేదు. ఆ రోజు జరిగిన ఘోరం చెప్పాక, దాన్ని అర్థం చేసుకోవడానికి జనం అల్లుకున్న కథగా రాయి.

కప్పులో రెక్కలు చాచిన చెక్క దేవదూతల ఒంట్లో దిగిన సీసపు గుళ్లను, చర్చిల్లోని బొమ్మలను తీయించే అధికారిగా తిరిగిన విలియం డౌసింగ్ మనుషులు పేల్చారని నిశ్చయంగా రాశావు. 1644లో ఆయన అక్కడికి వచ్చి దేవదూతల బొమ్మలను దించమని ఆదేశించిన మాట ఆయన దినచర్య పుస్తకంలోనే ఉంది. కాల్చమన్న మాట లేదు. తర్వాతి కాలపు చర్చి లెక్కల్లో మాత్రం లోపల చేరిన జాక్‌డా అనే కాకిజాతి పక్షులను కొట్టడానికి మందుగుండు కొన్న ఖర్చు కనిపిస్తుంది. ఈ రెండు పత్రాలనూ పాఠకుడి ముందు పెట్టు.

బల్లల అంచుల మీద చెక్కిన పాపాల బొమ్మల గురించి, పొట్ట పట్టుకున్న తిండిపోతు, మంచం వదలని సోమరి గురించి రాసిన పేరాను మాత్రం ముట్టుకోకు. అక్కడ నువ్వు కళ్లతో చూసి రాశావు.