బండి సందేహాలు: నడుస్తూ నడుస్తూ ఇంజిను ఆగిపోతే

ప్రశ్న: మాది పెట్రోలు కారు, 90 వేల కిలోమీటర్లు తిరిగింది. కర్నూలులో బయలుదేరినప్పుడు బాగుంటుంది. డోన్ దాటి గుత్తి దిక్కు పోతాంటే ఏ జర్కూ లేకుండా ఇంజిను ఠక్కున ఆఫ్ అయిపోతాంది. సెల్ఫ్ తిరుగుతుంది గానీ స్టార్ట్ కాదు. అరగంట చెట్టు కింద నిలబెడితే ఏమీ కానట్టు స్టార్ట్ అవుతుంది. షెడ్డులో ఫ్యూయల్ పంపు మార్చినారు, ప్లగ్గులు మార్చినారు. అయినా అంతే.
– పత్తికొండ పాఠకుడు

జవాబు: మీ ఉత్తరంలో అసలు విషయాలు రెండున్నాయి. జర్కు లేకుండా ఆగడం ఒకటి, చల్లారాక స్టార్ట్ కావడం ఇంకొకటి. పెట్రోలు అందక ఆగే ఇంజిను ముందు పికప్ తగ్గి, రెండు మూడుసార్లు దగ్గి అప్పుడు ఆగుతుంది. తాళం తిప్పి కట్టేసినట్టు ఆగిందంటే ముందు కరెంటు వైపు చూడాలి. వేడికి మొరాయించి, చల్లారాక మళ్లీ పనిచేసే సామాన్లలో మొదటి అనుమానం క్రాంక్ సెన్సర్ మీద.

ఇది బండిని బట్టి ఫ్లైవీల్ దగ్గరో, క్రాంక్ పుల్లీ దగ్గరో ఉంటుంది. ఇంజిను తిరుగుతోందని బండి కంప్యూటరుకు కబురు అందించేది ఇదే. ఆ కబురు ఆగిన మరుక్షణం కంప్యూటరు స్పార్కునూ, ఇంజెక్టర్లనూ, పంపునూ ఆపేస్తుంది. రెండు తీగల సెన్సర్‌లో అయస్కాంతం మీద సన్నని రాగి తీగ చుట్టి ఉంటుంది. ఆ తీగ ఎక్కడైనా చిట్లితే వేడికి విడిపోతుంది, చల్లారితే మళ్లీ కలుస్తుంది. మే నెల ఎండలో గంటసేపు హైవే మీద నడిచాక బోనెట్ కింద ఎంత వేడి ఉంటుందో చెప్పక్కర్లేదు.

ఇంతవరకూ ఇది అనుమానమే. తేల్చుకోవాలంటే బండి ఆగి ఉన్నప్పుడే పరీక్షించాలి. చక్కగా స్టార్ట్ అయిన బండిని షెడ్డుకు తీసుకుపోతే ఎంత పనివాడైనా ఊహించి సామాను మార్చడం తప్ప చేయగలిగింది తక్కువ.

ఈసారి ఆగినప్పుడు, బండి ఇంకా దొర్లుతుండగానే డాష్‌బోర్డు చూడండి. వేగం ముల్లు పైన ఉండి ఆర్‌పీఎం ముల్లు ఒక్కసారిగా సున్నాకు పడితే సెన్సర్ మీద అనుమానం బలపడుతుంది. ఎర్రటి బ్యాటరీ లైటు, ఆయిల్ లైటు వెలిగితే తాళం నుంచి కరెంటు వస్తున్నట్టే. లైట్లన్నీ ఆరిపోయి డాష్‌బోర్డు చీకటైతే దారి వేరు: బ్యాటరీ టెర్మినల్, ఇగ్నిషన్ స్విచ్, మెయిన్ ఫ్యూజు చూడాలి. తాళంచెవి బొమ్మ లైటు మినుకుమినుకుమంటే తాళంచెవిని గుర్తుపట్టకపోతే ఇంజినును స్టార్ట్ కానివ్వని ఇమ్మొబిలైజర్ సంగతి. రెండో తాళంచెవితో ప్రయత్నించండి.

పక్కన ఆపాక తాళం ఆన్‌లో పెట్టి, సెల్ఫ్ కొట్టకుండా వెనక సీటు దగ్గర చెవి పెట్టండి. పంపు రెండు మూడు సెకన్లు 'జుయ్'మని ఆగాలి. ఆ శబ్దం వచ్చిందంటే పంపుకూ రిలేకూ కరెంటు అందుతున్నట్టే. తర్వాత సెల్ఫ్ కొడుతూ ఆర్‌పీఎం చూడండి. కొన్ని బండ్లలో అంత తక్కువ వేగానికి ముల్లు లేవదు కాబట్టి, స్టీరింగ్ కింది ఓబీడీ సాకెట్లో పెట్టే చిన్న బ్లూటూత్ స్కానరుతో ఫోన్లో చూడటం నయం. సెల్ఫ్ మీద 150 నుంచి 250 మధ్య అంకె కనిపిస్తే సెన్సర్ పనిచేస్తోంది. ఇంజిను తిరుగుతున్నా సున్నా చూపిస్తే సెన్సరో, దాని వైరో, వైరును సెన్సరుకు తగిలించే కప్లరో.

పంపు మీద నింద పడేది కూడా ఇక్కడే. సెన్సర్ కబురు లేకపోతే సెల్ఫ్ కొడుతున్నంతసేపూ కంప్యూటరు పంపుకు కరెంటు ఇవ్వదు. అది చూసి 'పంపు తిరగడం లేదు' అని మార్చేస్తారు. మీ డబ్బులు అలాగే పోయి ఉండొచ్చు.

రెండు తీగల సెన్సర్ అయితే వేడిగా ఉన్నప్పుడే కప్లర్ ఊడదీసి మల్టీమీటరుతో ఓములు కొలవండి. ఎక్కువ బండ్లలో 500 నుంచి 1500 ఓముల లోపు ఉంటుంది. మీ బండి మాన్యువల్ అంకే ప్రమాణం. మీటరు 'ఓఎల్' చూపిస్తే లోపల తీగ విడిపోయినట్టు. మూడు తీగలు ఉంటే అది ఎక్కువగా హాల్ రకం సెన్సర్. దానికి ఓములు కొలిచి లాభం లేదు. తాళం ఆన్‌లో ఒక తీగకు 5 లేక 12 వోల్టులు, ఒక తీగకు ఎర్త్ వస్తున్నాయా చూడాలి. తడిగుడ్డతో సెన్సర్ చల్లబరిస్తే రెండు నిమిషాల్లో స్టార్ట్ కావడం కూడా మంచి రుజువే. కానీ వేడి ఇంజిను మీద, సైలెన్సరు మీద నీళ్లు కుమ్మరించకండి.

స్కాన్‌లో క్రాంక్ సెన్సర్ లోపాన్ని తెలిపే పీ0335 కోడు దొరకవచ్చు, దొరక్కపోవచ్చు. కోడు లేదని సెన్సర్‌ను వదిలేయకండి, ఉందని వెంటనే మార్చేయకండి. సైలెన్సరు వేడికి పూత కరిగిన వైరు, ఎలుక కొరికిన వైరు కూడా అదే కోడు ఇస్తాయి. కప్లర్ దగ్గర వైరు కదిలించి చూశాకే సామాను కొనండి. పాత సెన్సర్ కొసన ఇనుప రజను పేరుకుని ఉంటే కొత్తది పెట్టేముందు ఆ రంధ్రం కూడా తుడవాలి. చవకరకం సెన్సర్ ఎంత తక్కువకు వచ్చినా వద్దు. మళ్లీ అదే చెట్టు వెతుక్కోవాల్సి వస్తుంది.

ప్రశ్న: ట్యాక్సీ నడుపుతాను. గుంతలో పడినా, స్పీడ్ బ్రేకర్ ఎక్కినా ఇంజిను ఆఫ్ అవుతుంది, వెంటనే సెల్ఫ్‌కు అందుకుంటుంది. ఒక్కోసారి గడియారం కూడా మొదటికి వస్తుంది.
– అనంతపురం పాఠకుడు

జవాబు: గడియారం మొదటికి వస్తోందంటే కరెంటు బ్యాటరీ దగ్గరే తెగుతోంది. టెర్మినల్ క్లాంపు చేత్తో తిప్పితే కదలకూడదు. తెల్లటి బూజు ఉంటే వేడినీళ్లు, సోడా ఉప్పుతో కడిగి, ఆరాక బిగించండి. ఊడదీసేటప్పుడు ముందు నెగటివ్, పెట్టేటప్పుడు చివర నెగటివ్. తర్వాత ఇంజినుకూ బాడీకీ మధ్య ఉండే ఎర్త్ పట్టీ చూడండి. బ్యాటరీ నెగటివ్‌కూ ఇంజిను ఇనుముకూ మధ్య మీటరు పెట్టి సెల్ఫ్ కొట్టించండి. అర వోల్టు దాటితే ఎర్త్ బాగా లేదు.

గడియారం చెదరకుండా ఇంజిను మాత్రమే ఆగే రోజుల్లో ఇంకో అనుమానం ఉంది. మీ బండిలో జీపీఎస్ ట్రాకర్ ఉందా? దూరం నుంచి ఇంజిను ఆపే వీలున్న ట్రాకర్లకు ఒక రిలే ఉంటుంది. దాన్ని పంపు వైరో, ఇగ్నిషన్ వైరో కత్తిరించి మధ్యలో కలుపుతారు. టంకం లేకుండా మెలిపెట్టి టేపు చుట్టిన అతుకు కుదుపుకు వదులవుతుంది. స్టీరింగ్ కింద ఎవరో వేసిన నల్ల టేపు కనిపిస్తే ముందు అక్కడే విప్పండి.

ప్రశ్న: హైవే మీద పర్వాలేదు. కడప టౌన్లో సిగ్నల్ దగ్గర క్లచ్ తొక్కగానే ఆర్‌పీఎం పడిపోయి ఆగిపోతుంది. ఏసీ వేస్తే ఇంకా ఎక్కువ. పెట్రోలు బండి.
– ఎర్రగుంట్ల పాఠకురాలు

జవాబు: ఇంజినులోకి గాలి పోయే థ్రాటిల్ బాడీలో మసి పేరుకుంది, లేదా ఎక్కడో గాలి లీకవుతోంది. యాక్సిలరేటర్ వదిలాక ఇంజిను బతికేది థ్రాటిల్ రేకు అంచున దూరే కొద్దిపాటి గాలితోనే. మసి ఆ సందును మూసేస్తుంది. ఏసీ బరువు పడినప్పుడు ఇంకొంచెం గాలి కావాలి, అది దొరకదు. వేడెక్కిన ఇంజిను చాలా బండ్లలో 700–850 ఆర్‌పీఎం దగ్గర నిలకడగా ఉండాలి.

తాళం ఆఫ్ చేసి, బ్యాటరీ నెగటివ్ తీసి, గాలి గొట్టం విప్పండి. థ్రాటిల్ బాడీ క్లీనర్‌ను గుడ్డ మీద కొట్టి రేకు రెండువైపులా, అంచునా తుడవాలి. కరెంటు మోటారుతో కదిలే థ్రాటిల్ రేకును వేలితో బలంగా నెడితే లోపలి గేరు పళ్లు పాడవుతాయి. అన్నీ బిగించాక ఏసీ, లైట్లు వేయకుండా పది నిమిషాలు ఊరికే నడవనివ్వండి, కంప్యూటరు కొత్త సందుకు అలవాటు పడుతుంది. కొన్ని మోడళ్లకు స్కానరుతో రీసెట్ చేయాలి. అది చేయకపోతే శుభ్రం చేసిన మర్నాడు ఆర్‌పీఎం ఎగిరెగిరి పడుతుంది, పని చేసినవాణ్ణి తిట్టుకుంటారు.

శుభ్రం చేసినా ఆగుతుంటే బ్రేకు బూస్టర్ గొట్టం, ఇంజిను లోపలి ఆవిరిని మళ్లీ గాలి దారిలోకి పంపే పీసీవీ గొట్టం పగుళ్లు చూడండి. బూస్టర్ గొట్టాన్ని నొక్కి పట్టినప్పుడు ఐడిలింగ్ సర్దుకుంటే లీకు అక్కడే. మీ ఊళ్లో సిమెంటు దుమ్ము, నాపరాళ్ల దుమ్ము ఎక్కువ. ఎయిర్ ఫిల్టరు పుస్తకంలో రాసినన్ని కిలోమీటర్లు ఆగుతుందని నమ్మొద్దు.

ప్రశ్న: డీజిల్ బండి. గువ్వలచెరువు ఘాటు ఎక్కుతుంటే లాగుడు తగ్గి, ఇంజిన్ లైటు పడి ఆగిపోతుంది. చదును రోడ్డు మీద ఏ ఇబ్బందీ లేదు.
– రాయచోటి పాఠకుడు

జవాబు: ఎక్కుడులో ఇంజినుకు డీజిల్ ఎక్కువ కావాలి, అది అందడం లేదు. స్కాన్‌లో పీ0087, అంటే ఇంజెక్టర్లకు డీజిల్ పంచే పైపులో (దాన్నే రైలు అంటారు) ప్రెషరు తక్కువ అని వస్తే దాదాపు ఖాయం. హైప్రెషర్ పంపు, ఇంజెక్టర్లు అని పెద్ద లెక్క చెప్పేవాళ్లుంటారు. చవకైన వైపు నుంచి మొదలుపెట్టండి.

మొదట డీజిల్ ఫిల్టరు. కింది స్క్రూ వదులు చేసి 100 మిల్లీలీటర్లు గాజు సీసాలోకి పట్టి పది నిమిషాలు ఉంచండి. నీళ్లుంటే అడుగున విడిగా కనిపిస్తాయి. ఫిల్టరు మార్చి ఎక్కువ కాలమైతే పరీక్షలు లేకుండా మార్చేయండి. రెండోది ట్యాంకు గాలి రంధ్రం. ఆగిన వెంటనే మూత తీస్తే గట్టిగా 'ఉస్'మని గాలి లోపలికి పీల్చి, తర్వాత బండి బాగా నడిస్తే రంధ్రం మూసుకుపోయింది. మూడోది, చేతి పంపు ఉన్న బండ్లలో ఆ రబ్బరు బంతి సొట్టపడి ఉంటే ట్యాంకుకూ బంతికీ మధ్య అడ్డు ఉంది. డీజిల్ తక్కువ ఉన్నప్పుడు ఎక్కుడులో ట్యాంకు గొట్టం గాలి పీల్చే అవకాశమూ ఉంది. ఘాటుకు ముందు కనీసం పావు ట్యాంకు ఉంచండి.

ఇవన్నీ బాగుంటే అప్పుడు ఇంజెక్టర్ల రిటర్న్ లీకు పరీక్ష, అంటే ఒక్కో ఇంజెక్టరు వెనక్కి వదిలే డీజిల్ కొలిచే పరీక్ష చేయించండి. ఒకటి మిగతా వాటికంటే చాలా ఎక్కువ వదులుతుంటే దాన్నే బాగుచేయించాలి. నడుస్తున్న ఇంజినుకు రైలు పైపు నట్టు వదులు చేసి 'ఏ సిలిండరు మిస్సవుతోందో' చూడటం పాత బండ్ల పద్ధతి. ఇప్పటి కామన్ రైలులో 1000 బార్ దాటే ఒత్తిడి ఉంటుంది. ఆ చిమ్మడం తగిలితే డీజిల్ చర్మం లోపలికి దూరిపోతుంది. పైకి చిన్న చుక్కలా కనిపించినా నేరుగా ఆసుపత్రికి పోవాలి. ఎవరినీ ఆ పని చేయనివ్వకండి.

ప్రశ్న: 80లో పోతుండగా ఆఫ్ అయితే ముందు ఏం చేయాలి?
– కర్నూలు పాఠకుడు

జవాబు: తాళం తీయకండి, స్టీరింగ్ లాక్ పడుతుంది. హజార్డ్ లైట్లు వేసి, క్లచ్ తొక్కి ఎడమకు దొర్లనివ్వండి. స్టీరింగ్ బరువెక్కుతుంది, రెండు చేతులతో తిప్పాలి. బూస్టరులో ఒకటి రెండు బ్రేకులకు సరిపడా బలమే మిగిలి ఉంటుంది. అందుకే తొక్కి వదిలి తొక్కి వదిలి చేయకుండా ఒకే పట్టున ఒత్తి ఆపండి. ఆగాక అందరూ ఎడమ తలుపుల నుంచి దిగి రెయిలింగ్ అవతలికి పోవాలి. త్రికోణం 50 మీటర్లు వెనక పెట్టండి. జాతీయ రహదారి మీద సాయానికి 1033.