సమాధానం: వాల్ట్జ్ కట్టబోతే జానపదం అవుతోందా?

వాల్ట్జ్ (యూరప్ జంట నాట్యానికి వాయించే మూడు దెబ్బల సంగీతం) తీరులో తెలుగు పాట కడుతుంటే జానపదంలా వినిపిస్తోందని, ఏం వినమంటారని అడిగారు. ట్యూన్ బాగానే ఉంటుంది, చిక్కు డోలక్‌లో. కావలి మిత్రుడి చేత వాయిస్తే వాల్ట్జ్ కాస్తా కోలాటం పాటైపోయిందన్నారు కదా. ఆయన చెయ్యి అలవాటుగా ఆరు దెబ్బల దాద్రా తాళానికి వెళ్ళిపోయి ఉంటుంది. వాల్ట్జ్‌లో మూడు దెబ్బలకే చుట్టు పూర్తవ్వాలి.

1. ముందు డోలక్ ట్రాక్ మ్యూట్ చెయ్యండి. తర్వాత తెచ్చుకున్నా ఎడమవైపు దెబ్బ 1 మీద, అంటే మూడింటిలో మొదటి దెబ్బ మీద మాత్రమే.

2. బేస్ (కింది స్వరం) కూడా 1 మీదే. 2, 3 మీద కార్డు (chord, కలిపి మోగించే స్వరాలు) పొట్టిగా, మెత్తగా.

3. అందరూ వదిలేసేది ఇదీ: కార్డు మార్పు. ఆరు దెబ్బలకోసారి మారిస్తే చెవి మళ్ళీ ఆరే లెక్కేస్తుంది. పల్లవి మొదటి నాలుగు బార్లలో (ఒక బార్ అంటే ఒక మూడు దెబ్బల చుట్టు) ప్రతి మూడు దెబ్బలకీ కార్డు మార్చండి. సాహిత్యమూ అంతే, గురువు (రెండు మాత్రల దీర్ఘాక్షరం) 1 మీద పడాలి. "రేవు దాటి గాలి వీచె" అని పాడి చూడండి, ప్రతి మాటా మూడు మాత్రలే. ఇది కుదిరితే సగం టెన్షన్ పోయినట్టే.

4. క్లిక్ (మెట్రోనోమ్) నిమిషానికి 90 దెబ్బలు. వియన్నా వాల్ట్జ్ 180 దాకా పోతుంది, ఆ వేగంలో తెలుగు మాటలు నలిగిపోతాయి.

ఏం వినాలన్నారు: ఒంగోలులో ఏదైనా చర్చి కొయిర్‌లో మూడు దెబ్బల కీర్తన వచ్చినప్పుడు కీబోర్డు వాయించేవాళ్ళ ఎడమ చెయ్యి గమనించండి. ఆ తర్వాత వియన్నా వాల్ట్జ్‌ల స్వరకర్త యోహాన్ స్ట్రాస్‌ని వినండి. వియన్నా వాళ్ళు 2వ దెబ్బ వెంట్రుకవాసి ముందే వేస్తారు. అది ఇప్పుడే కాపీ కొట్టకండి, తాళం తప్పినట్టుంటుంది.