రెండు నెలలుగా ఇంట్లో చెప్పని మాట

ప్రశ్న: బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాను. పెద్ద క్లయింట్ తప్పుకున్నప్పటి నుంచి కంపెనీ పరిస్థితి బాగాలేదు. రెండు నెలలుగా జీతం ఇరవయ్యో తేదీ దాటాకే పడుతోంది. నా టీమ్‌లో 14 మందికి 8 మందే మిగిలారు. వాళ్లు రోజూ ‘అన్నా, మన సంగతేమిటి?’ అని అడుగుతున్నారు. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తోంది. రాజీనామా చేస్తే, ఇన్నేళ్ల సర్వీసుకు కంపెనీ ఇవ్వాల్సిన గ్రాచ్యుటీ పోతుందేమోనని భయం. నా భార్యకు గానీ, నరసరావుపేటలో ఉన్న మా నాన్నగారికి గానీ ఇవేవీ చెప్పలేదు.

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాక, అన్నిటికంటే బరువుగా నాకు తోచింది మీ చివరి వాక్యమే. ఉద్యోగం నిజంగా పోతే ఆ మర్నాటి నుంచి ఏం చేయాలో మనసు వెతుక్కుంటుంది. ఉంటుందో పోతుందో తెలియని రోజుల్లో మాత్రం వచ్చిన ప్రతి మెయిల్‌లోనూ, మేనేజరు ముఖంలోనూ అర్థాలు వెతుకుతూ అలసిపోతుంది. అంత అలసటతో ఇల్లు చేరి, ఏమీ జరగనట్టు కనిపించడానికి మీరు మళ్లీ శ్రమపడుతున్నారు. ఆ రెండో శ్రమను ఈ వారంలోనే మానుకోవచ్చు.

మీ శ్రీమతికి ఏమీ తెలియదని మీరు అనుకుంటున్నారు గానీ, ఆలస్యంగా పడుతున్న జీతమూ, మూడింటికి హాల్లో వెలిగే లైటూ ఆమె కంటపడలేదంటే నేను నమ్మలేను. కారణం తెలియనప్పుడు మనిషి ఉన్నదానికంటే చెడ్డ కారణాలనే ఊహించుకుంటాడు. రాత్రి పడుకోబోయే ముందు కాకుండా, శనివారం ఉదయం తీరికగా కూర్చుని, అద్దె, ఫీజులు, వాయిదాలు, చేతిలో ఉన్న డబ్బు ఒక కాగితం మీద రాసి, జీతం ఆగిపోతే ఎన్ని నెలలు గడుస్తుందో ఇద్దరూ కలిసి లెక్కవేయండి. ఇన్నాళ్లూ దాచినందుకు ఆమెకు కోపం రావచ్చు; వస్తే వాదించకుండా వినండి, ఎందుకంటే ఆ కోపం న్యాయమైనదే. (సంపాదన గురించి దిగులుపడే మగవాణ్ణి ఇంట్లోవాళ్లు చిన్నచూపు చూడటం నేను అరుదుగానే చూశాను, తనను తాను అలా చూసుకునేవాళ్లు మాత్రం నా దగ్గరకు తరచూ వస్తుంటారు.) ఏ తేదీ వరకు ఈ కంపెనీలో వేచి చూడాలో కూడా అప్పుడే నిర్ణయించుకోండి. కంపెనీ ఏం చేసినా చేయకపోయినా, మీ చేతిలో ఒక గడువు ఉండాలి.

గ్రాచ్యుటీ విషయంలో మీ భయానికి ఆధారం లేదు. ఐదేళ్ల నిరంతర సర్వీసు నిండినవారు తామే రాజీనామా చేసినా అది రావలసిందే. గ్రాచ్యుటీకి లెక్కలోకి వచ్చే చివరి నెల వేతనాన్ని (ప్రధానంగా మూలవేతనం, కరువు భత్యం) 26తో భాగించి, 15తోనూ, సర్వీసు సంవత్సరాలతోనూ హెచ్చిస్తారు; తొమ్మిదేళ్లకు అది అలాంటి వేతనం సుమారు ఐదు నెలలది. అయితే ఆ డబ్బు కంపెనీయే చెల్లించాలి కనుక, ఖజానా పూర్తిగా అడుగంటే దాకా ఆగడం మీకు మేలు చేయదు. జీతం ఆలస్యమవుతున్న చోట పీఎఫ్ కూడా ఆగే ప్రమాదం ఉంటుంది. యూఏఎన్‌తో (మీ పీఎఫ్ సభ్యత్వ నంబరుతో) పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి, మీ వాటా, కంపెనీ వాటా నెలనెలా జమ అవుతున్నాయో లేదో ఈ రోజే చూడండి. ఫిర్యాదు చేయవలసి వస్తే జీతం స్లిప్పులు, నియామక పత్రం అవసరమవుతాయి. ఆఫీసు మెయిల్ మూతపడక ముందే వాటిని దింపుకుని దాచుకోండి.

మీ నాన్నగారు కంపెనీ ఆరోగ్య బీమాలో ఉంటే, అది సాధారణంగా మీ ఉద్యోగంతోనే ముగుస్తుంది. పాత జబ్బులకు కొత్త పాలసీలో నిరీక్షణ కాలం ఉంటుంది కనుక, ఉద్యోగంలో ఉండగానే అదే బీమా సంస్థలో వ్యక్తిగత పాలసీకి మారే వీలుందేమో అడగండి.

టీమ్‌లోని వాళ్లకు తెలియనిది తెలియదనే చెప్పండి. ‘ఏమీ కాదు, నేనున్నాను’ అన్న మీ మాట నమ్మి ఎవరైనా చేతికందిన ఆఫర్ వదులుకుంటే, ఆ భారం మీరు మోయలేరు. మీకు తెలిసింది వారానికోసారి అందరికీ ఒకేసారి చెప్పి, మిగతా రోజుల్లో టీ దగ్గర ఊహాగానాలకు దూరంగా ఉండండి. వెళ్లిపోయేవారికి మంచి సిఫారసు రాసివ్వండి; మీరు నిజంగా ఇవ్వగలిగింది అదే.

మూడింటి మెలకువ ఇంకో రెండు వారాలు సాగినా, ఆకలి తగ్గినా డాక్టరును కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు; బతకడం దేనికన్న ఆలోచన వస్తే తెల్లవారేదాకా ఆగకుండా అప్పుడే చేయండి, పక్కనున్న మీ శ్రీమతిని లేపండి.

మీ నాన్నగారికి ఇన్ని వివరాలు అక్కర్లేదు. ఈసారి ఫోన్‌లో ఆయన ‘ఆఫీసు ఎలా ఉందిరా?’ అని అడిగినప్పుడు, అలవాటుగా ‘బాగానే ఉంది’ అనకుండా, ‘కాస్త ఇబ్బందిగా ఉంది నాన్నా, వేరేచోట చూసుకుంటున్నాను’ అనండి.