ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు

ప్రశ్న: మాది కొత్తపట్నం దగ్గర పల్లె. మూడు తరాలుగా బాప్టిస్టు కుటుంబం. మా వారు చెరువు కౌలుకు తీసుకుని రొయ్యలు పెంచుతారు. రెండేళ్ల కిందట ఒక బైబిలు బృందంలో చేరి తాగుడు మానేశారు. ఇప్పుడేమో శనివారమే విశ్రాంతి దినమంటూ ఆ రోజు చెరువు గట్టు ఎక్కరు. మేత చల్లే పని ఇంటర్ చదివే మా అబ్బాయి మీద పడింది. పొలుసులు లేనివి అపవిత్రమని రొయ్యలు, పీతలు ఇంట్లోకి రానివ్వరు. పోయిన నెల మా అత్తగారు రొయ్యల ఇగురు వండితే గిన్నెతో సహా దొడ్లోకి విసిరేశారు. అప్పటినుంచి ఆమె వసారాలో వేరే పొయ్యి పెట్టుకున్నారు. ‘కృప ఉండగా ధర్మశాస్త్రం ఎందుకురా’ అని ఆమె, ‘క్రియలు లేని విశ్వాసం మృతం’ అని ఈయన. నేను ఎవరి పక్షాన నిలబడాలి?

జవాబు: అమ్మా, తాగుడు మానిన సంగతిని మీరు ఒక్క ముక్కలో తేల్చేశారు. నేను అక్కడే ఆగిపోయాను. మీరు ఎన్నేళ్లు ప్రార్థించారో ఏమో, అది జరిగింది. తాగుడు వదిలినవాడికి కట్టుబాటు చేతికర్ర. దాన్ని ఎగతాళి చేసి లాగేయకండి. మీ అత్తగారికీ ఈ మాట చెప్పండి.

తిండి విషయంలో మాత్రం నేను అత్తగారి వైపే. లేవీయకాండం 11వ అధ్యాయం రెక్కలు, పొలుసులు లేని నీటి జీవులను తినవద్దన్న మాట నిజమే. అది మోషే ధర్మశాస్త్రంలో ఇశ్రాయేలీయులకు ఇచ్చిన ఆజ్ఞ. అన్యజనుల్లోంచి, అంటే యూదులు కానివారిలోంచి, వచ్చిన విశ్వాసులు ఏం పాటించాలని యెరూషలేములో పెద్దలు కూర్చుని చర్చించినప్పుడు (అపొస్తలుల కార్యములు 15) నాలుగు సంగతులే రాసి పంపారు: విగ్రహాలకు అర్పించినవి, రక్తం, గొంతు పిసికి చంపినవి, జారత్వం. శనివారమూ లేదు, పొలుసుల లెక్కా లేదు. అయినా మీ వారికి రొయ్య తినడానికి మనసొప్పకపోతే తినకపోవచ్చు. ఒకడు ఒక దినాన్ని మంచిదని ఎంచుతాడు, మరొకడు అన్ని దినాలనూ సమానంగా ఎంచుతాడు, ఎవరి మట్టుకు వారు రూఢిపరచుకోవాలని పౌలు రోమా 14లో అంటాడు. ఆయన రూఢి ఆయన కంచం వరకే. తల్లి గిన్నె మీద దానికి అధికారం లేదు.

తినని రొయ్యను అమ్మడమెలాగని మీకూ అనిపించే ఉంటుంది. ఆ మాట మాత్రం ఎత్తకండి. ఆ ముల్లు ఆయనకు ఇప్పటికే గుచ్చుకుంటూ ఉంటుంది.

నన్ను అన్నిటికంటే బాధపెట్టింది మీ అబ్బాయి సంగతి. నిర్గమకాండం 20వ అధ్యాయం తెరిచి నాలుగో ఆజ్ఞను చివరిదాకా చదవండి. నువ్వు విశ్రమించమని చెప్పి ఊరుకోలేదు. నీ కొడుకు, కూతురు, దాసుడు, దాసి, పశువు, నీ ఇంట ఉన్న పరదేశి, ఎవరూ పని చేయకూడదని ఉంది. తండ్రి ఇంట్లో బైబిలు చదువుకుంటుంటే కొడుకు ఎండలో తెప్ప మీద తిరుగుతూ మేత చల్లి, రొయ్యలు మేత తిన్నాయో లేదో తెలిపే చెక్ ట్రేలు ఎత్తి చూస్తున్నాడు. ఆయన నమ్మిన ధర్మశాస్త్రం ప్రకారమే ఇది విశ్రాంతి దినాన్ని మీరడం. చెరువును ఒక్కరోజు గాలికొదిలేయమని నేను అనడం లేదు. నీటికి గాలి అందించే ఏరేటర్ ఆగిపోతే రొయ్య తేలిపోతుందని నాకూ తెలుసు. విశ్రాంతి దినాన గుంటలో పడిన ఎద్దును పైకి తీయరా అని యేసు అడగనే అడిగాడు. ఆ ఎద్దును యజమానే వెళ్లి తీయాలి.

గుండ్లకమ్మ ఏటిలో 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందిన కథ మీ అత్తగారికి తెలిసే ఉంటుంది. అంతకు పదేళ్ల ముందే ఒంగోలు చుట్టుపక్కల పల్లెల్లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర దగ్గర విశ్వాసంలోకి వచ్చినవారికి కొన్ని కట్టుబాట్లు ఉండేవి: ఆదివారం పని చేయకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు. కృపను నమ్మినవాళ్లే అవి పాటించారు. కాబట్టి కృప ఉంటే ఆజ్ఞ అక్కర్లేదన్న అత్తగారి మాట ఆమె పూర్వికులకే నప్పదు. ఎఫెసీ 2లో కృపచేత రక్షణ అన్న మాట తర్వాత రెండు వచనాలకే సత్క్రియల మాట కూడా ఉంది, ఆమె అక్కడిదాకా చదవాలి. ఇక మీ వారు గమనించాల్సింది: ఆ పాతకాలపు విశ్వాసులు ఆదివారం పనికి రామన్నప్పుడు ఊరి పెద్దల కోపాన్ని తామే భరించారు, ఇంకొకరి నెత్తిన పెట్టలేదు.

మీరు ఎవరి పక్షానా నిలబడనక్కర్లేదు. వచనాల వాదనలోకి దిగకండి, మీ ఇంట్లో ఆ పనికి ఇద్దరున్నారు. ఈ గురువారమో శుక్రవారమో ఆయన ఒక్కరే ఉన్నప్పుడు రెండే అడగండి. శనివారం మేతకు కూలి మనిషిని పెడతారా, లేక ఆ పూట ఆయనే వెళ్తారా? కూలి మనిషికీ ఆ ఆజ్ఞ వర్తిస్తుందని ఆయనకే తడితే మంచిదే, తేల్చుకోనివ్వండి. అబ్బాయి మాత్రం చదువుకుంటాడు. రెండోది, అమ్మ దగ్గరకు వెళ్లి గిన్నె విసిరినందుకు క్షమించమని అడగగలరా? తల్లిదండ్రులను సన్మానించమన్నదీ పది ఆజ్ఞల్లోదే. రొయ్యలు వండిన రోజు ఆయనకు పప్పుచారు పెట్టండి, పొయ్యి మాత్రం ఒకటే ఉండాలి.

ఆయన ఒప్పుకోకపోతే, ఇద్దరికీ గౌరవమున్న పెద్దమనిషిని ఒకరిని ఇంటికి పిలవండి. సంఘంలో అందరి ముందూ పెట్టకండి. గిన్నె విసిరిన చెయ్యి మీ మీదకో అత్తగారి మీదకో లేస్తే మాత్రం పెద్దమనుషుల కోసం ఆగవద్దు. మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోను చేయండి.